పెన్సిల్ తేదీ

సెప్టెంబరు మూడోవారం రాగానే
ఆకుపచ్చ ఫైలు బీరువాలోంచి దించుతాను.
మూసివేత ప్రణాళిక, పద్నాలుగు పేజీలు.
అన్నీ టైపు చేసినవే,
తేదీ ఒక్కటే పెన్సిలుతో.
చెరిపీ చెరిపీ అక్కడ కాగితం
ఉల్లిపొరయింది.

మోంటానాలో ఒక మూల మాది,
ట్రౌట్ గుడ్లు పొదిగించే సర్కారు కేంద్రం.
తొమ్మిదిమంది మనుషులం,
ఎనిమిది లక్షల గుడ్లు,
ఒక ముసలి పంపు.
పంపు దగ్గుతోందని మే నెల నుంచి రాస్తున్నాను.
కొత్తది కొనాలంటే కొత్త బడ్జెట్ రావాలి.
వచ్చేది నిరుటి అంకెలకి పొడిగింపు,
ఆరు వారాలకి, ఆపైన మూడు వారాలకి,
ఎవరో రోజుల్ని చిల్లరగా లెక్కపెట్టి
అరచేతిలో పోస్తున్నట్టు.

ఇన్నేళ్ళలో కొన్ని విద్యలు అబ్బాయి నాకు.
ఆగస్టులోనే మేత బస్తాలు తెప్పించి
గోడవారన పేర్పిస్తాను, డిసెంబరు దాటేలా.
ఆఖరి వారం, మిగిలిన డబ్బు మురిగిపోతుందని
రబ్బరు గ్లోవులు, ప్రింటరు సిరా,
ఎవరూ అడగని పదకొండు చీపుళ్ళు కొంటాను.
ఒక చేత్తో కరువుకి దాచడం,
ఇంకో చేత్తో దుబారా.
రెండింటికీ మెచ్చుకుంటూ ఒకే ఉత్తరం వస్తుంది.

ఇక పేర్ల పని.
అవసరమైనవాళ్ళు, కానివాళ్ళు:
ఫారంలో రెండే గళ్ళు.
నీళ్ళు చూడ్డానికి థొరాల్ఫ్,
గుడ్లు ఏరడానికి మరియెట్టా.
వీళ్ళిద్దరూ జీతం లేకుండా వస్తూ ఉండాలి.
ఇంకో ఆరుగురు జీతం లేకుండా ఇంట్లో ఉండాలి.
నాకు నాలుగు గంటలు,
తాళాలేసి, నువ్వు అవసరం లేదని
నా సంతకంతో నాకే ఉత్తరం ఇచ్చుకోవడానికి.

అక్టోబరు ఒకటి.
ఎవరు ఫోన్ చేసినా నా గొంతే పలుకుతుంది:
నిధులు లేనందున...
మూడుసార్లు రికార్డు చేశాను.
మూడుసార్లూ నేనే ఏదో తప్పు చేసినట్టు వచ్చింది.

ఐదోరోజు కంచె దగ్గర లెవెలిన్ క్రోస్.
ముప్ఫై ఒక్కేళ్ళు ఈ తొట్ల మధ్యే నానినవాడు.
మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కునే వచ్చాడు.
"డబ్బొద్దు వెర్నా, ఊరికే చేస్తాను.
ఒక్కతే ఎన్నని ఏరుతుంది?
తెల్లబడ్డ గుడ్డు తీయకపోతే
బూజు పక్కదానికి పాకుతుంది, నీకు తెలీదా?"

తెలుసు. ఇంకొకటీ తెలుసు.
జీతం తీసుకుని పని చేయకపోతే మందలింపు,
జీతం లేదన్నాక పని చేస్తే నేరం.
ముత్తాతల నాటి చట్టం:
ఎవరూ సర్కారుకి తమ చేతులు ఉచితంగా ఇవ్వరాదు.
చెప్పాను. కంచెకి ఇవతలే నిలబడి చెప్పాను,
నేనూ బయటిదాన్నే కదా.
నువ్వెందుకొచ్చావని అతను అడగలేదు.
కారే అలవాటుకొద్దీ ఇటు తిరిగిందని
నేనూ చెప్పలేదు.

లోపల దీపం కింద వంగి ఉంది మరియెట్టా,
చేతిలో చిన్న పట్టకారు.
మమ్మల్ని చూసి కిటికీ దగ్గరకొచ్చి
వేళ్ళు పైకెత్తింది:
నాలుగు. పిడికిలి. ఏడు.
నాలుగువందల ఏడు పోయాయి ఇవాళ.
లెవెలిన్ జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు.
రాసుకోవడం పని కిందకి వస్తుందా?
చట్టం తిరగేయాలనిపించలేదు.

చేపపిల్లకి ఈత నేర్పాలా అంటారు.
అక్కర్లేదు.
నీళ్ళు మాత్రం ఎవరో ఒకరు పారిస్తూ ఉండాలి.

పదమూడోనాటి రాత్రి రాజధానిలో చేతులు లేచాయట.
డిసెంబరు పన్నెండు దాకా ఊపిరి.
పొద్దున తలుపు తీస్తే
పంపు దగ్గుతూనే ఉంది,
పదకొండు చీపుళ్ళూ గోడకి జేరబడి ఉన్నాయి.
టైర్లకని దాచిన డబ్బు ఇంటి వాయిదాకి పోయిందని
థొరాల్ఫ్ మాటవరసకి అన్నాడు.
మంచులో అరిగిన టైర్లతోనే నలభై మైళ్ళు, ఈ చలికాలమంతా.

ఫైలు దించి తేదీ చెరిపాను.
ఈసారి కాగితం చిరిగింది.
చిల్లు పక్కన కాస్త చోటు చూసి
డిసెంబరు పన్నెండు అని రాశాను,
పెన్సిలుతోనే.

అవతలి గదిలో లెవెలిన్ పుస్తకం తెరిచి
మరియెట్టాని అడుగుతున్నాడు:
"తొమ్మిదోతేదీ నాడు నువ్వు చూపించింది
ఆరా, ఎనిమిదా?
కిటికీకి మంచు పట్టి
సరిగా కనిపించలేదు."